డీజిల్ కారులో టర్బో పికప్ వచ్చిపోతుంటే కారణం పట్టుకోవడం ఎలా? మొదటి నుంచి చివరిదాకా

కారు మామూలుగానే స్టార్ట్ అవుతుంది, అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఏ తేడా తెలియదు. ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్) ఎక్కి ముందున్న లారీని దాటదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కిన క్షణంలో పికప్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎంత తొక్కినా బండి ఎత్తుకోదు, వెనకాల వచ్చేవాళ్ళు హారన్ కొడుతుంటారు. ఎలాగో ఎగ్జిట్ దిగి ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు పరిగెడుతుంది. గ్యారేజీకి తీసుకెళ్ళేసరికి లోపం కనిపించదు, చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "టర్బో పోయిందండీ, మార్చాలి."

ఆ మాటకు వెంటనే తల ఊపకండి. నిజంగా పోయిన టర్బో తాళం తిప్పి మళ్ళీ పెట్టగానే బాగవదు కదా. పికప్ వచ్చిపోతోందంటే టర్బో తిరగగలుగుతోందని, దాన్ని అదుపు చేసేవాటిలోనో, అది పంపే గాలి దారిలోనో ఎక్కడో తేడా ఉందని అర్థం. వేలెడంత మందం లేని రబ్బరు గొట్టం, ఒక సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్), మసి పట్టిన సెన్సార్, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ పైపులో చీలిక, ఇలాంటివే ఎక్కువగా బయటపడతాయి. వీటికయ్యే ఖర్చు టర్బో ఖర్చు ముందు ఏపాటిది? అందుకే చౌకైనదాని నుంచి ఖరీదైనదాని వైపు, ప్రతి మెట్టు దగ్గరా కొలిచి చూసుకుంటూ వెళ్ళే పద్ధతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీరే చేసుకోవచ్చు, లేదా మెకానిక్ పక్కన నిలబడి చేయించుకోవచ్చు.

టర్బోని ఎవరు నడిపిస్తున్నారు

ఇంజిన్ నుంచి బయటికెళ్ళే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంటర్‌కూలర్ గుండా ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి కూడా తిరుగుతుంది. గాలి మరీ ఎక్కువైతే ఇంజిన్‌కి ప్రమాదం కాబట్టి అదుపు ఉండాలి. పాత, చిన్న ఇంజిన్లలో వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరుచుకుని ఎక్కువైన పొగను పక్కదారి పట్టిస్తుంది. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన 1.3 లీటర్ల 75 హార్స్‌పవర్ డీజిల్‌లో ఉన్నది ఈ రకమే. ఎర్టిగా, సియాజ్, బ్రెజ్జాలలో వచ్చిన 90 హార్స్‌పవర్ రకంలో ఉన్నది వీజీటీ, అంటే పొగ వచ్చే దారిలో చిన్న చిన్న రెక్కలు మూసుకుంటూ తెరుచుకుంటూ గాలి ఒత్తిడిని మారుస్తాయి. ఈ రెక్కలను కదిపేది చాలా కార్లలో వాక్యూమ్ యాక్చుయేటర్ (గాలి లాగేసినప్పుడు పుట్టే శూన్యంతో కడ్డీని కదిపేది), కొత్త కార్లు కొన్నిటిలో చిన్న మోటారుతో పనిచేసే ఎలక్ట్రానిక్ యాక్చుయేటర్.

ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ప్రతి క్షణం రెండు అంకెలు చూస్తుంది: తాను అడిగిన బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత. ఈ రెండింటికీ మధ్య పెద్ద తేడా కొన్ని సెకన్ల పాటు అలాగే ఉండిపోతే ఇంజిన్‌ను కాపాడటానికి డీజిల్ తగ్గించేస్తుంది, బూస్ట్ ఆపేస్తుంది. దాన్నే లింప్ మోడ్ అంటాం. చాలా కార్లలో ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసేదాకా అది వదలదు.

ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

మొదటిదే అన్నిటికన్నా ముఖ్యం: పికప్ తిరిగి రావాలంటే ఇంజిన్ ఆపి ఆన్ చేయాల్సి వస్తోందా, లేక నడుస్తుండగానే దానంతట అదే వస్తోందా? ఆఫ్ చేసి ఆన్ చేస్తేనే వస్తోందంటే అది లింప్ మోడ్, ఈసీయూలో ఎక్కడో కోడ్ (లోపాన్ని చెప్పే నంబరు) పడి ఉంటుంది. నడుస్తుండగానే వచ్చి పోతోందంటే చూడాల్సింది డీజిల్ సప్లై, వైరు లూజ్ కాంటాక్ట్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సార్, బ్రేక్ స్విచ్ లాంటివి. బ్రేక్ స్విచ్ చెడిపోయి, మీరు తొక్కకపోయినా బ్రేక్ తొక్కినట్టు ఈసీయూకి సిగ్నల్ వెళ్తే చాలా కార్లలో అది యాక్సిలరేటర్‌ని లెక్కచేయదు. ఇది నిమిషంలో తేలిపోతుంది, వెనక ఎవరినైనా నిలబెట్టి బ్రేక్ లైట్లు చూడమనండి.

రెండోది, ఆర్‌పీఎం పెరుగుతూ స్పీడు పెరగట్లేదా? అయితే అది క్లచ్ జారడం, టర్బోతో దానికి సంబంధం లేదు. ఇదొక్కటి తెలియక టర్బో విప్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

మూడోది, ఎప్పుడు వస్తోంది? చల్లగా ఉన్నప్పుడా, ఇంజిన్ బాగా వేడెక్కాకా, వాన పడిన మర్నాడా? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా, శ్రీశైలం ఘాట్‌లో అందరినీ ఎక్కించుకుని మూడో గేరులో ఎక్కుతున్నప్పుడా, ఓఆర్ఆర్ మీద వందలో ఒకే తీరుగా పోతున్నప్పుడా? ఘాట్ ఎక్కుతున్నప్పుడో, గట్టిగా తొక్కి వదిలిన వెంటనేనో వస్తే బూస్ట్ ఎక్కువైపోయి లింప్ మోడ్ పడి ఉండొచ్చు, రెక్కలు అతుక్కున్నాయన్న అనుమానం బలపడుతుంది. కింది ఆర్‌పీఎం నుంచే బండి మందంగా ఉండి, తొక్కగానే పడిపోతుంటే బూస్ట్ తక్కువ వైపు, అంటే లీకుల వైపు చూడాలి. మే నెల మధ్యాహ్నం మాత్రమే వస్తుంటే వేడికి మెత్తబడే గొట్టాలు, వేడికి తెగి చల్లారాక కలిసే సోలినాయిడ్ కాయిల్ ముందు వరసలో ఉంటాయి.

నాలుగోది, దానితోపాటు ఏ శబ్దం, ఏ పొగ? తొక్కినప్పుడు ఉస్స్‌మని గాలి పోతున్న శబ్దం, వెనక నల్లటి పొగ వస్తే హోస్ చీలిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) కారుకు డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి పొగ కనపడదు, శబ్దం మీదే ఆధారపడాలి.

కోడ్ చదవండి, కానీ చెరపకండి

స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌లో పెట్టుకునే చిన్న బ్లూటూత్ పరికరం ఒకటి కొనుక్కోండి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది. ఈఎల్ఎం327 రకం అని అడగండి. మరీ చౌక నకళ్ళు సగంలో కనెక్షన్ తెంచేస్తాయి, కాస్త మంచిదే తీసుకోండి. ఫోన్‌లో దానికి తగిన యాప్ వేసుకుంటే సరిపోతుంది.

చెక్ లైట్ వెలగకపోయినా కోడ్ ఉండొచ్చు, పెండింగ్ అని వేరేగా చూపిస్తుంది, అదీ చూడండి. తరచుగా కనిపించేవి ఇవి. పి0299 అంటే బూస్ట్ తక్కువ. పి0234 అంటే బూస్ట్ ఎక్కువ. పి0045, పి0243 వస్తే సోలినాయిడ్ కరెంటు సర్క్యూట్ వైపు చూడాలి. పి0236, పి0237, పి0238 బూస్ట్ సెన్సార్‌వి. పి0087 వస్తే రైల్‌లో (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పైపులో) డీజిల్ ఒత్తిడి తగ్గింది, అది టర్బో కథే కాదు. పి2463 వస్తే డీపీఎఫ్ మసితో నిండిపోయింది.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒక పేజీ ఉంటుంది, లోపం పడిన క్షణంలో ఆర్‌పీఎం, స్పీడు, ఇంజిన్ వేడి, లోడ్ ఎంతో అందులో నిలిచిపోయి ఉంటాయి. దాన్ని ఫోటో తీసుకోండి. గ్యారేజీలో చాలామంది స్కానర్ పెట్టగానే కోడ్లు చెరిపేసి "ఇప్పుడు చూడండి సార్" అంటారు. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. వారాలపాటు ఎదురుచూసిన ఆధారం అలా పోగొట్టుకోకూడదు, అందుకే బండి ఇచ్చేముందే "నేను చెప్పేదాకా చెరపకండి" అని గట్టిగా చెప్పండి.

ఇంకో మాట. పి0299 అంటే "టర్బో మార్చు" అని కాదు, అడిగినంత గాలి రాలేదని మాత్రమే. ఎందుకు రాలేదన్నది కోడ్ చెప్పదు, మనం కనుక్కోవాలి.

బండి నడుపుతూ అంకెలు చూడటం

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, మానిఫోల్డ్ ప్రెషర్ అని యాప్‌లో వచ్చే అంకె చూడండి. ఇంజిన్ తిరగట్లేదు కాబట్టి అది బయటి గాలి ఒత్తిడే కావాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, కాబట్టి ఇక్కడ 95 కిలోపాస్కల్ దగ్గర రావాలి. మాన్యువల్‌లో, వీడియోల్లో చెప్పే 101 సముద్రం ఒడ్డున వచ్చే అంకె. ఇక్కడ 95 వచ్చిందని సెన్సార్‌ని అనుమానించకండి. 85 అనో 110 అనో చూపిస్తే మాత్రం సెన్సార్ తప్పు చెప్తోంది, ముందు దాని సంగతి చూడాలి.

ఆ తర్వాత రోడ్డు మీదకి. తెల్లవారుజామున, ట్రాఫిక్ లేనప్పుడు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని వెళ్ళండి. ఫోన్ వాళ్ళ చేతిలో ఉండాలి, మీ కళ్ళు రోడ్డు మీదే ఉండాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక మూడో గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 3500 దాకా తీసుకెళ్ళండి, ఆ కొద్ది సెకన్లు యాప్ రికార్డు చేయాలి. ఓఆర్ఆర్ ఎక్కే ర్యాంపు దాటాక చాలాచోట్ల ఇందుకు వీలుంటుంది. ఓఆర్ఆర్ మీద ఎక్కడా ఆపకూడదు, లోపం వస్తే ఎడమ లైన్‌లో మెల్లగా వచ్చి ఎగ్జిట్ దిగాకే ఆపండి.

మంచి స్థితిలో ఉన్న చిన్న డీజిల్ ఇంజిన్లు చాలావరకు పూర్తి లోడ్‌లో 200 నుంచి 240 కిలోపాస్కల్ దాకా చూపిస్తాయి. మీ కారు కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇక్కడ అసలు చూడాల్సింది, అడిగిన బూస్ట్‌ని వచ్చిన బూస్ట్ ఎలా వెంబడిస్తోందన్నది. అడిగిన బూస్ట్‌ని చౌక యాప్‌లు చాలాసార్లు చూపించలేవు, కంపెనీ కోడ్లు చదవగల స్కానర్ ఉన్న మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇదే టెస్ట్ చేయించండి. దీనికి అతను అడిగే డబ్బు దండగ కాదు.

వచ్చిన బూస్ట్ మొదటి నుంచీ కిందే ఉండి, ఎంత తొక్కినా అందుకోలేకపోతే లీకు, లేదా వాక్యూమ్ తక్కువ, లేదా రెక్కలు తెరిచిన చోట ఇరుక్కున్నాయి. మొదట బాగానే ఎక్కి, అడిగినది దాటిపోయి, అక్కడే పికప్ తెగిపోతే రెక్కలు మూసిన చోట ఇరుక్కున్నాయి, లేదా సోలినాయిడ్ గాలి వదలడం లేదు. బాగా ఎక్కి ఒకచోట దభీమని పడిపోతే ఒత్తిడికి విచ్చుకునే హోస్. రెండూ చక్కగా కలిసి నడుస్తున్నా పికప్ లేకపోతే బూస్ట్‌ని వదిలేసి డీజిల్ వైపు వెళ్ళండి.

హోస్ పైపులు

బానెట్ తీసి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్ళే లావు పైపులను చేత్తో తడమండి, అదీ ఇంజిన్ చల్లారాకే. పైన అంతా బాగున్నట్టే ఉంటుంది, చీలిక దాదాపు ఎప్పుడూ కింది వైపు, లేదా క్లిప్ బిగించిన అంచు దగ్గర ఉంటుంది. పైపుని వంచి, మెలిపెట్టి చూస్తేనే నోరు తెరుస్తుంది. నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి మరక కనపడితే ఆ చుట్టుపక్కలే లీకు. క్లిప్ బిగుతుగా ఉన్నా పైపు మెత్తబడి ఉబ్బిపోతే ఒత్తిడికి జారుతుంది. ప్లాస్టిక్ లాక్‌తో పట్టే పైపులు ఉన్న కార్లలో లోపలి రబ్బరు రింగు మార్చండి, పైపు మొత్తం కొనాల్సిన పని లేదు.

కంటికి కనపడకపోతే గాలి నింపి చూడాలి. టర్బో మూతి దగ్గర పైపు విప్పి, దానికి సరిపోయే బిరడా పెట్టి, దానికి సైకిల్ ట్యూబ్ వాల్వ్ బిగించి, పంపుతో గాలి నింపుతూ సబ్బు నీళ్ళు పోయండి. బుడగలు వచ్చిన చోటే తప్పు. ఒక బార్ దాటనివ్వకండి, బిరడా ఎగిరి మొహానికి తగిలే ప్రమాదం ఉంది, ఎదురుగా నిలబడకండి. మంచి గ్యారేజీల్లో పొగ నింపే మిషన్ ఉంటుంది, అది ఇంకా తేలిక.

ఎయిర్ ఫిల్టర్ కూడా ఇక్కడే చూసేయండి. మన ఊళ్ళో ఎటు చూసినా ఏదో ఒక కట్టడం దుమ్ము రేపుతూనే ఉంటుంది, కోకాపేట, నార్సింగి వైపు రోజూ తిరిగే కార్ల ఫిల్టర్లు కంపెనీ చెప్పిన కిలోమీటర్లకంటే ముందే మూసుకుపోతాయి.

వాక్యూమ్: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

వాక్యూమ్ యాక్చుయేటర్ ఉన్న కార్లలో వచ్చిపోయే లోపాలకు పుట్టిల్లు ఇదే. ఇంజిన్ తిప్పే వాక్యూమ్ పంపు, అక్కడి నుంచి సన్నని గొట్టాలు, మధ్యలో సోలినాయిడ్, చివర టర్బో మీద గిన్నెలా కనపడే యాక్చుయేటర్. అదే పంపు నుంచి బ్రేక్ బూస్టర్‌కి కూడా లైను వెళ్తుంది. పికప్ పోయిన రోజుల్లో బ్రేక్ పెడల్ కూడా కాస్త గట్టిగా అనిపిస్తోందా? అయితే పంపు లేదా మెయిన్ లైన్ లీకు, దాన్ని అసలు వాయిదా వేయకండి, బ్రేకుల విషయం అది.

మొదటి పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. యాక్చుయేటర్ కడ్డీ కనపడేలా టార్చ్ వేసి ఒకరు చూస్తుండాలి, ఇంకొకరు ఇంజిన్ స్టార్ట్ చేయాలి. చాలా వీజీటీ కార్లలో స్టార్ట్ కాగానే కడ్డీ ఒక్క కదలికలో లోపలికి లాగబడి, ఆపగానే మళ్ళీ పూర్తిగా బయటికి రావాలి. కదలకపోతే వాక్యూమ్ రావడం లేదు. సగంలో ఆగితే వాక్యూమ్ చాలడం లేదు, లేదా రెక్కల దగ్గర మసి పట్టేసింది. కుదుపులతో కదిలినా, వెనక్కి రావడానికి సమయం తీసుకున్నా రెక్కల దగ్గర మసి పట్టేసింది. బెల్టుకు, ఫ్యానుకు చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి, మూసి ఉన్న సెల్లార్‌లో ఇంజిన్ నడపకుండా ఆరుబయట చేయండి.

మా అన్నయ్య కారుకు ఇలాగే జరిగింది. కొంపల్లిలో అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగ్. పొద్దున ఆఫీసుకు వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఫ్లైఓవర్ మీద పికప్ పోతుంది. "టర్బో మార్చాలంటున్నార్రా, కొటేషన్ కూడా ఇచ్చారు, ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. "ఆగన్నా, ముందు గొట్టాలు చూద్దాం" అని కడ్డీ మీద టార్చ్ వేస్తే చల్లటి ఇంజిన్ మీద చక్కగా కదిలింది. కాసేపు నడిపి వేడెక్కించి మళ్ళీ చూస్తే సగంలోనే ఆగిపోయింది. బ్యాటరీ వెనక నుంచి వెళ్ళే సన్నని గొట్టాన్ని బ్రాకెట్ నుంచి ఊడదీసి తిప్పి చూశాం. కింది వైపు రెండు వరసల్లో ఎలుక పళ్ళ గాట్లు, వాటిలో ఒకటి లోపలిదాకా దిగింది. చల్లగా ఉన్నప్పుడు గొట్టం బిగుసుకుని ఆ గాటు బ్రాకెట్‌కి ఆనుకుని మూసుకుంటోంది, వేడికి మెత్తబడి కాస్త జారగానే విచ్చుకుంటోంది. రాణిగంజ్ నుంచి తెచ్చిన వాక్యూమ్ గొట్టం ముక్క వేశాం, అంతే. సెల్లార్లలో పార్క్ చేసేవాళ్ళందరూ ఈ గొట్టాలను మొత్తం పొడవునా, కింది వైపు కూడా తడమాలి. కొత్తది కొనేటప్పుడు పాత ముక్క తీసుకెళ్ళి లోపలి కొలత సరిపోల్చండి, వాక్యూమ్‌కి పనికొచ్చేదే అని అడగండి. మామూలు మెత్తటి గొట్టం లోపలికి నొక్కుకుపోయి దారి మూసేస్తుంది.

గొట్టాలు బాగుంటే చేతి వాక్యూమ్ పంపు ఒకటి సంపాదించండి, మెకానిక్‌ల దగ్గర ఉంటుంది. ముందు ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పంపు లైన్ దగ్గర గేజ్ పెట్టి కొలవండి. పుస్తకాల్లో 27, 28 అంగుళాలు (పాదరసం కొలతలో) అని ఉంటుంది, హైదరాబాద్ ఎత్తులో సంపూర్ణ శూన్యమే 28 అంగుళాలు కాబట్టి ఇక్కడ 24 చుట్టూ వస్తే పంపు బాగున్నట్టే. ఆ తర్వాత యాక్చుయేటర్‌కి నేరుగా వాక్యూమ్ ఇచ్చి ఒక నిమిషం పట్టి ఉంచండి. సూది పడిపోతుంటే లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) చిరిగింది. వాక్యూమ్ నిలిచి కడ్డీ కదలకపోతే రెక్కలు పట్టేశాయి.

మధ్యలో మిగిలేది సోలినాయిడ్. మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి, చాలావాటికి పది నుంచి ఇరవై ఓమ్‌ల మధ్య వస్తుంది. చల్లగా ఒకసారి, బాగా వేడెక్కాక ఇంకోసారి చూడాలి, వేడిలో ఓపెన్ చూపిస్తే దొంగ దొరికినట్టే. దాని మీద గాలి పీల్చుకునే చిన్న ఫిల్టర్ ఉంటుంది, అది దుమ్ముతో పూడుకుపోతే వాక్యూమ్ త్వరగా వదలదు, రెక్కలు మూసుకునే ఉండిపోయి బూస్ట్ ఎక్కువైన కోడ్ పడుతుంది. కొన్ని కార్లలో ఈజీఆర్‌కి (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్‌కి) కూడా అచ్చం ఇలాంటి సోలినాయిడే ఉంటుంది, పార్ట్ నంబర్ ఒకటే అయితే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. లోపం మారితే ఖర్చు లేకుండా తేలిపోయినట్టే.

వేస్ట్‌గేట్ రకమైతే లెక్క తిరగబడుతుంది. అందులో సాధారణంగా టర్బో గాలి ఒత్తిడే డయాఫ్రమ్‌ని నెట్టి తలుపు తెరుస్తుంది, కాబట్టి గొట్టం ఊడితే బూస్ట్ తగ్గదు, పెరిగిపోతుంది. తలుపు ఇరుసు తుప్పు పట్టి సగం తెరుచుకుని ఉండిపోతే బూస్ట్ తక్కువ వస్తుంది. ఎలక్ట్రానిక్ యాక్చుయేటర్ ఉన్న కార్లలో ముందు కనెక్టర్ విప్పి పిన్నులు చూడండి, పచ్చగా పాచి పట్టిందా, నీళ్ళు చేరాయా అని. ఆ తర్వాత స్కానర్‌తో యాక్చుయేటర్ టెస్ట్ నడపండి.

రెక్కలకు మసి పట్టడం

రోజూ రెండు మూడు కిలోమీటర్లు, అదీ ట్రాఫిక్‌లో, 1500 ఆర్‌పీఎం దాటకుండా నడిపే కార్లలో ఇది మామూలే. రెక్కలు ఒకే చోట ఉండిపోతాయి, చుట్టూ మసి గడ్డకడుతుంది, ఎప్పుడో హైవే ఎక్కి పూర్తి కదలిక అవసరమైనప్పుడు ఇరుక్కుంటాయి. కడ్డీ కొద్దిగానే పట్టేస్తుంటే ఓఆర్ఆర్ మీద గేరు తగ్గించి 2500, 3000 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాల పాటు నడిపి, తర్వాత మళ్ళీ కదలిక చూడండి. స్పీడ్ లిమిట్‌లోనే ఇది కుదురుతుంది. కొన్నిసార్లు దీనితోనే బాగవుతుంది. గట్టిగా పట్టేస్తే టర్బో దించి రెక్కల వైపు శుభ్రం చేయాల్సిందే, అనుభవం ఉన్న టర్బో పనివాళ్ళతోనే చేయించండి. కడ్డీ దగ్గర పెయింట్ చుక్క వేసి సీలు చేసిన స్క్రూ ఉంటుంది, దాన్ని ఎవర్నీ తిప్పనివ్వకండి. ఫ్యాక్టరీలో సెట్ చేసిన కొలత అది, తిప్పాక అంతకుముందు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

సెన్సార్లు, వైరింగ్

బూస్ట్ సెన్సార్ విప్పితే మూతి మీద నూనె, మసి కలిసిన జిగట కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి, పుల్లలు, సూదులు పెట్టకండి. ఎయిర్ ఫ్లో సెన్సార్‌కి దాని స్ప్రే మాత్రమే వాడండి, లోపలి తీగను ముట్టుకోకూడదు. వైరింగ్ కోసం ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా సోలినాయిడ్, సెన్సార్ల వైర్లను ఒక్కొక్కటిగా మెల్లగా కదుపుతూ అంకెలు చూడండి, ఎక్కడ గెంతితే అక్కడ తెగింది.

డీజిల్ వైపు

పి0087 ఉంటే, లేదా తాళం తిప్పకుండానే పికప్ తిరిగొస్తుంటే ముందు డీజిల్ ఫిల్టర్. వానాకాలం కాకపోయినా ఫిల్టర్ అడుగున నీళ్ళ స్క్రూ వదిలి ఒక గాజు సీసాలోకి పట్టండి, కాసేపు కదపకుండా ఉంచితే నీళ్ళు కిందికి దిగుతాయి. ఫిల్టర్ మార్చాక కూడా ఉంటే రోడ్డు టెస్ట్‌లో రైల్ ప్రెషర్ అడిగినదీ వచ్చినదీ చూడండి. ఐడిల్‌లో 250, 300 బార్ దగ్గర ఉండి, గట్టిగా తొక్కినప్పుడు వేయి దాటి బాగా పైకి వెళ్ళాలి. వెనకబడితే ట్యాంకులోని జాలీ, పంపు, ఇంజెక్టర్ల రిటర్న్ లీకు అనే వరసలో వెళ్ళాలి. ఆ ఒత్తిడిలో ఉన్న పైపులను ఇంట్లో విప్పకండి. లీకును వేలితో వెతకడం మరీ ప్రమాదం, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఈజీఆర్, డీపీఎఫ్

ఈజీఆర్ వాల్వ్ తెరిచి ఉండిపోతే టర్బోకి వెళ్ళాల్సిన పొగ పక్కదారి పడుతుంది, బూస్ట్ తగ్గుతుంది, కింది ఆర్‌పీఎంలో కుదుపులు వస్తాయి. శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. మూసేయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, ఒప్పుకోకండి, అది చట్టవిరుద్ధం, దానివల్ల వేరే కోడ్లు కూడా మొదలవుతాయి.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6 కార్లలో డీపీఎఫ్ నిండితే పొగ బయటికి పోలేక టర్బో తిరగడమే కష్టమవుతుంది. డీపీఎఫ్ లైటు వెలిగితే మాన్యువల్ చెప్పినట్టు హైవే మీద ఆపకుండా నడపండి. మాటిమాటికీ నిండుతుంటే కారణం వేరే ఉంది, ఇంజెక్టరో, ఈజీఆరో, లేదా ఇప్పటిదాకా వెతికిన బూస్ట్ లీకో.

ఇక టర్బో

పైవన్నీ సరిగ్గా ఉన్నాయని కొలిచి తేల్చుకున్నాకే గాలి వచ్చే వైపు పైపు విప్పండి. చల్లటి ఇంజిన్ మీద చక్రాన్ని వేలితో తిప్పండి, ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. పక్కలకు కొద్దిగా ఆడటం సహజం, ఆ సందులో నూనె నిండాలి. ముందుకీ వెనక్కీ నెట్టినప్పుడు చేతికి తెలిసేంత కదిలితే, లేదా రెక్కల అంచులు గోడకు రాసుకున్న గుర్తులుంటే అప్పుడు నిజంగానే టర్బో పోయింది. పైపు లోపల పలచటి నూనె పొర ఉంటే కంగారు పడకండి, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికొచ్చే గొట్టం) నుంచి ఎప్పుడూ కొంత వస్తుంది. వంచితే కారేంత నూనె ఉంటే మాత్రం సీల్ సంగతి చూడాలి.

మార్చాల్సే వస్తే మొత్తం టర్బోనే కొనాలని లేదు, లోపలి కోర్ మాత్రమే మార్చి బ్యాలెన్స్ చేసి ఇచ్చే పనివాళ్ళు ఉన్నారు. ఏది చేయించినా టర్బోకి నూనె తెచ్చే సన్నని పైపును, దాని బోల్టులో జాలీ ఉంటే దాన్ని కూడా మార్చమని పట్టుబట్టండి. పాత టర్బోను చంపింది ఆ పూడికే అయితే కొత్తదీ అదే దారిన పోతుంది. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయించి, స్టార్ట్ చేసేముందు టర్బో నూనె రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోయించండి, స్టార్ట్ అయ్యాక ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లోనే వదలండి.

బాగయిందని ఎలా తెలుస్తుంది

ఏ ఒక్కటి మార్చినా వెంటనే టెస్ట్ చేయండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు, మళ్ళీ వస్తే మొదటికి వస్తాం. ఇప్పుడు కోడ్లు చెరపండి, మొదట చేసిన మూడో గేరు టెస్ట్‌నే అదే రోడ్డు మీద, ఇంజిన్ అంతే వేడిగా ఉన్నప్పుడు చేసి పాత రికార్డు పక్కన పెట్టి చూడండి. లోపం ఎండలోనే వచ్చేదయితే ఎండలోనే, నిండుగా జనం ఎక్కినప్పుడే వచ్చేదయితే అంతమందినీ ఎక్కించుకునే చూడాలి. మళ్ళీ అదే కోడ్ పడితే కొత్త ఫ్రీజ్ ఫ్రేమ్‌ని పాతదానితో పోల్చండి. ఆర్‌పీఎం, వేడి దగ్గరదగ్గరగా ఉంటే అసలు కారణం ఇంకా అక్కడే ఉంది, వాక్యూమ్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. వేరే కోడ్ పడితే ముందు విప్పి బిగించిన చోట కనెక్టర్ సరిగ్గా కూర్చుందో, ఏదైనా గొట్టం పెట్టడం మరిచారో చూడండి.